అప్‌డేట్: నాయినకు నల్ల విరేచనాలు, వార్ఫరిన్ గురించి అడిగాను కదా

అడిగింది గుర్తు లేనివాళ్లకు: నాయినకు గుండెలో మైట్రల్ మెటల్ వాల్వ్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ అనే మందు వేసుకుంటారు. విరేచనం తారులా నల్లగా అవుతోంది, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ఏం చేయాలని అడిగాను. "పొద్దుటిదాకా ఆగొద్దు" అని రాసినవాళ్లందరికీ దండాలు. ఆ రాత్రే దేవరకొండ నుంచి నల్గొండ తీసుకెళ్లాం.

ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చెప్పే పరీక్ష; అంకె పెరిగేకొద్దీ రక్తం కారే ప్రమాదం ఎక్కువ) 8 దాటింది. ఆయన వాల్వ్‌కు ఉండాల్సింది 2.5 నుంచి 3.5. విటమిన్ కె ఇచ్చారు, ప్లాస్మా, రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో తెచ్చుకున్న డైక్లోఫెనాక్ ఆ పుండును పెంచింది. విరేచనాలకని ఎవరో ఇచ్చిన మెట్రోనిడజోల్ వార్ఫరిన్ బలాన్ని పెంచేసింది. రెండూ ఒకేసారి పడ్డాయి. మందులషాపులో "రక్తం పలచబడే మందు వాడుతున్నారా" అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

వార్ఫరిన్ పూర్తిగా మానేయొచ్చా అని కొందరు అడిగారు. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు సొంతంగా అస్సలు మానొద్దు, వాల్వ్ మీద గడ్డ కడితే పక్షవాతం రావచ్చు. రక్తం ఆగాక డాక్టరే మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు తరచుగా ఐఎన్‌ఆర్ చూపిస్తున్నాం. ఆకుకూరలు మానక్కర్లేదట, రోజూ దాదాపు ఒకే మోతాదులో తింటే చాలన్నారు. తలకు దెబ్బ తగిలితే మాత్రం, పైకి గాయం లేకపోయినా వెంటనే ఆస్పత్రికి రమ్మన్నారు.

నాయిన ఇంటికొచ్చారు. నీరసం ఉంది కానీ జొన్నరొట్టె అడిగి తింటున్నారు.