స్పెషల్ బీఎడ్‌కి స్కాలర్‌షిప్ ఇస్తే బాండ్ రాయించుకోవాలా?

మండలం మాస్టారు:
మా స్టాఫ్‌రూంలో మొదలైన గొడవ ఇక్కడ పెడుతున్నా. మా హెచ్‌ఎం గారు అనేదేంటంటే, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్, డీఎడ్ చేసేవాళ్లకి, ఉర్దూ మీడియంలో టీచర్ ట్రైనింగ్ చేసే పిల్లలకి ఫీజంతా ప్రభుత్వమే కట్టి నెలనెలా స్టైపెండ్ కూడా ఇవ్వాలి, దానికి బదులు మూడేళ్లు ఎక్కడ వేస్తే అక్కడ పనిచేస్తామని బాండ్ రాయించుకోవాలి. డాక్టర్లతో రాయించుకుంటున్నారుగా, వీళ్లకేంటి అంటారాయన. నాకూ సబబే అనిపించింది. ప్రైమరీలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మా మండలం మొత్తానికి ఉన్నది ఇద్దరు. మీరేమంటారు?

భవిత అక్క:
బాండ్ అనగానే నవ్వొచ్చింది సార్. నేను ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీని, అంటే ఆ పిల్లలకి నేర్పే రిసోర్స్ టీచర్ని, పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే. ఎవరూ బాండ్ రాయించుకోలేదు, అయినా ఎక్కడికీ పోలేదు. సెరిబ్రల్ పాల్సీ (కండరాలు మాట వినని స్థితి) ఉన్న ఒక బాబు ఇంటికి వారానికోసారి వెళ్తా, చెంచా పిడికి పాత చీర ముక్క చుట్టి లావు చేసిస్తే వాడు ఏడు నెలలకి తనంతట తాను పెరుగన్నం నోట్లో పెట్టుకున్నాడు, సగం చొక్కా మీదే పడింది, వాళ్లమ్మ తుడవకుండా అలాగే చూస్తూ కూర్చుంది. ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు లేక కాదు. చదివాక పర్మినెంట్ పోస్టు లేక. ముందు పోస్టులు చూపించి తర్వాత బాండ్ అడగమనండి.

లెక్కల రాజు:
అక్కా, మీలాంటి వాళ్లు వందలో పదిమంది. మిగతావాళ్లు క్లాసుకి పోకుండా సర్టిఫికెట్ తెచ్చుకునే బాపతు, వాళ్లకి కూడా జనం డబ్బుతో స్టైపెండా? పైగా మధ్యలో మైనారిటీ ఎందుకు? పేదవాళ్లందరికీ ఇవ్వండి, మతం చూసి వద్దు. 2024 డీఎస్సీలో తెలంగాణ ఇచ్చిన 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 1,016 ఉన్నాయి కదా, పోస్టులే లేవంటే ఎలా?

భవిత అక్క:
ఆ 1,016 కోసం ఎన్నేళ్లు కళ్లు కాయలు కాసేలా చూశామో మాకు తెలుసు రాజుగారూ. క్లాసుకి పోనివాళ్ల సంగతంటారా, అది కాలేజీల మీద తనిఖీ లేకపోవడం. దానికి పిల్లల స్కాలర్‌షిప్ ఆపితే ఎట్లా?

పాతబస్తీ సలీం:
రాజుగారికి నేను చెప్తా, ఎందుకంటే ఆ మైనారిటీ ఖాతాలో చదివింది నేనే. మతం చూసి అంటున్నారు, కానీ ఇక్కడ అసలు లెక్క భాషది. ఉర్దూ మీడియం బడికి ఉర్దూలో చదువుకున్న టీచరే కావాలి. పోస్టులు ఖాళీగా ఉంటాయి, ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ రోస్టర్‌లో పడ్డవాటికి ఉర్దూ వచ్చిన అభ్యర్థులు దొరక్క డీఎస్సీ తర్వాత డీఎస్సీకి మిగిలిపోతూనే ఉంటాయి, ఇటు ట్రైనింగ్ అయిన మావాళ్లు ప్రైవేటు స్కూళ్లలో చాలీచాలని జీతానికి చేస్తుంటారు. ఇక స్కాలర్‌షిప్ కథ వినండి. మా నాన్న పంక్చర్ షాపు, ఆదాయం సర్టిఫికెట్ పెట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేశా, మంజూరైంది, డబ్బు మాత్రం రాలేదు. కోర్సు అయ్యాక కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని 'గవర్నమెంట్ ఇచ్చినప్పుడు నీకు తిరిగిస్తాం, ఇప్పుడు నువ్వు కట్టు' అన్నారు. అమ్మ గాజులు కుదువపెట్టి తెచ్చుకున్నా. నాతోపాటు స్పెషల్ బీఎడ్ చేసిన దోస్తుది ఇంకా అన్యాయం, సర్టిఫికెట్ చేతికి రాకపోతే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ లేదు, అక్కడిచ్చే సీఆర్‌ఆర్ నంబరు లేకపోతే స్పెషల్ టీచర్‌గా లెక్కలోకే రాడు. ఇప్పుడు దీని మీద బాండ్ కూడానా? వాళ్లు టైముకి డబ్బివ్వకపోతే వాళ్ల మీద ఏ బాండ్ ఉంది?

డాలస్ బావ:
బాండ్ ఎలా తిరగబడుతుందో ఇక్కడ చూశాం. అమెరికాలో టీచ్ గ్రాంట్ అని ఉంది, ఏడాదికి 4,000 డాలర్ల వరకు ఇస్తారు, స్పెషల్ ఎడ్ లాంటి టీచర్లు దొరకని సబ్జెక్టుల్లో, పేద పిల్లలుండే బడుల్లో, చదువయ్యాక ఎనిమిదేళ్లలోపు నాలుగేళ్లు చెప్పాలి. చెప్పకపోతే ఆ గ్రాంట్ అప్పుగా మారుతుంది, అదీ డబ్బిచ్చిన రోజు నుంచి వడ్డీతో. పని మానేసిన వాళ్లకే కాదు, బడిలో రోజూ పాఠం చెప్తూ ఏటా పంపాల్సిన ఫారం ఆలస్యమైన వాళ్లకీ అలాగే మార్చేశారు! 2018లో పెద్ద రచ్చయ్యాక సరిదిద్దడం మొదలుపెట్టారు. ఫారాల సంగతి మన ఆఫీసుల్లో ఎలా ఉంటుందో నేను చెప్పాలా?

లెక్కల రాజు:
సలీం భాయ్, బీరువా విషయం నాకు తెలీదు, అది దారుణమే. భాష లెక్కన ఇస్తే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఏ షరతూ లేకుండా ఇస్తే చదివేసి కార్పొరేట్ స్కూలుకో గల్ఫ్‌కో పోతారు, ఆ భయం నాకింకా ఉంది.

మండలం మాస్టారు:
పోతే పోనీండి అనలేను కానీ, సలీం రాసింది చదివాక నా మాట మార్చుకుంటున్నా. ట్రైనింగ్ అయిన ఆర్నెల్లలోపు పోస్టు ఇవ్వలేకపోతే బాండ్ దానంతటదే రద్దు, స్టైపెండ్ కాలేజీకి కాకుండా నేరుగా ట్రైనీ ఖాతాకి, అదీ టీచింగ్ ప్రాక్టీస్ నెలల్లో తప్పకుండా. ఆటో చార్జీలకి లేక ప్రాక్టీస్ ఎగ్గొట్టే పిల్లల్ని మా బడిలోనే చూశా. రేపు హెచ్‌ఎం గారికి ఇదే చెప్తా, ఒప్పుకోరనుకోండి. భవిత అక్కా, ఆ చెంచా సంగతి కొంచెం వివరంగా రాస్తారా, మా ఐదో తరగతిలో ఒక పాప పెన్సిల్ పట్టుకోలేకపోతోంది, అలాగే గుడ్డ చుడితే సరిపోతుందా?