1983లో నీగాతా ఓటర్లు తనాకాను ఎందుకు గెలిపించారు? తప్పు మనిషిదా, ఎన్నికల విధానానిదా?

మంచుదారి:
కాకుయే తనాకా 1972 జులై నుంచి 1974 డిసెంబరు దాకా జపాన్ ప్రధాని. అమెరికా విమానాల కంపెనీ లాక్‌హీడ్ కేసులో 50 కోట్ల యెన్ల లంచం తిన్నాడని 1983 అక్టోబరు 12న టోక్యో జిల్లా కోర్టు నాలుగేళ్ల జైలు వేసింది. అప్పీలు వేసి, డిసెంబరు 18 ఎన్నికల్లో స్వతంత్రుడిగా నిలబడ్డాడు. సొంత ప్రాంతం నీగాతాలో, మూడో నియోజకవర్గంలో 2,20,761 ఓట్లు పడ్డాయి. ఆయన పాత పార్టీ, లిబరల్ డెమోక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ) మాత్రం దేశం మొత్తం మీద 511 సీట్లలో 250కి దిగింది. జనం అమ్ముడుపోయారని కొందరంటారు, రుణం తీర్చుకున్నారని కొందరు. మీరేమంటారు?

ఓట్లలెక్క:
రెండూ కాదు, విధానం అలాంటిది. ఆ నియోజకవర్గంలో సీట్లు ఐదు, ఓటరుకు ఓటు ఒక్కటే. (మన 1952, 1957 నాటి ద్విసభ్య స్థానాలతో కలపకండి, అక్కడ సీట్లెన్నో ఓట్లన్ని.) మిగులు ఓట్లు ఇంకొకరికి బదిలీ కావు. పడ్డ ఓట్లలో ఆరో వంతు దాటినవాడు ఓడడు, అన్ని ఓట్లు ఆరుగురికి రావు కాబట్టి. ఎల్‌డీపీ ఒక్కోచోట ఇద్దరు ముగ్గురిని దింపేది కాబట్టి అసలు పోటీ సొంత పార్టీవాడితోనే, పార్టీ జెండా అక్కరకు రాదు. అందుకే ప్రతివాడికీ కోయెన్‌కాయ్ అనే సొంత మద్దతుదారుల సంఘం కావాలి.

తనాకా సంఘం పేరు ఎత్సుజాన్‌కాయ్. ఊరి శాఖ వంతెన, సొరంగం, మంచు తోసే యంత్రం అంటూ అర్జీలు పోగుచేసేది. వాటిని ఏరి టోక్యోలో మంత్రిత్వశాఖల దాకా తీసుకెళ్లేవాళ్లు. పని మంజూరైతే చేసే కాంట్రాక్టరు సంఘం మనిషే. ఎన్నికలొస్తే చందా అతనిదే, తిరిగే మనుషులూ అతనివాళ్లే. చలికాలం పొలం పని లేక టోక్యోకు వలసపోయే రైతుకు రోడ్డు పనంటే ఇంటి దగ్గర కూలి. అతను ఎవరికి ఓటేస్తాడు మరి?

గోదారిగట్టు:
విధానం అందరికీ ఒకటే కదండీ. అందరూ తనాకాలు కాలేదే! 1974లో జర్నలిస్టు తకాషి తాచిబానా పత్రికలో బయటపెట్టిన షినానో నది భూముల సంగతి చూడండి. నీగాతాలోని నాగావొకా దగ్గర వరద మునిగే నదీగర్భాన్ని తనాకాకు దగ్గరి కంపెనీలు కారుచౌకగా కొన్నాయి. తర్వాత కరకట్ట వచ్చింది, ధర ఎగిరింది. ఆ భూమి కొనమని ఏ ఎన్నికల విధానం చెప్పింది? ప్రధాని కాబోతూ 1972లో ప్రకటించిన దేశ పునర్నిర్మాణ ప్రణాళికా అంతే. కొత్త నగరాలు ఎక్కడెక్కడ వస్తాయో ముందే చెప్పేస్తే స్పెక్యులేటర్లు ఊరుకుంటారా? భూముల ధరలు అప్పుడే మండాయి. పైన 1973 చమురు సంక్షోభం పడి, 1974లో వినియోగ ధరలు 20 శాతానికి పైగా పెరిగాయి.

కోర్టుకాగితం:
లంచం కేసు గురించి ఒక్క మాట, సగం తెలిసి వాదించేవాళ్లు ఎక్కువ. డబ్బు 1973 ఆగస్టు నుంచి 1974 మార్చి వరకు నాలుగు విడతల్లో, అట్టపెట్టెల్లో చేతులు మారింది. ఒకటి బ్రిటిష్ రాయబార కార్యాలయం వెనక వీధిలో, ఒకటి హోటల్ ఓకురా పార్కింగులో. రసీదులో రాసింది యెన్లు కాదు, '100 పీనట్స్'! ఒక్కో పల్లీ పది లక్షల యెన్లు.

తనాకా వర్గం పట్టుకున్న పాయింటు వేరు. లాక్‌హీడ్ అధికారి కోచియన్ అమెరికాలో వాంగ్మూలం ఇచ్చింది తనను ప్రాసిక్యూట్ చేయబోమని జపాన్ హామీ ఇచ్చాకే, డిఫెన్సుకు అతన్ని క్రాస్ ఎగ్జామిన్ చేసే వీల్లేదు. అందులో పస ఉంది. 1995 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలాన్ని సాక్ష్యంగా పనికిరాదంది. కానీ మిగతా సాక్ష్యంతోనే సహనిందితుల శిక్ష నిలబెట్టింది. ఏ విమానం కొనాలో ఎయిర్‌లైన్సుకు చెప్పమని రవాణా మంత్రిని ఆదేశించడం ప్రధాని అధికారంలోనిదేనని తేల్చింది. తనాకా 1993 డిసెంబరులోనే పోయాడు కాబట్టి ఆయన మీద కేసు సుప్రీంకోర్టు తీర్పు లేకుండా ముగిసింది. 'నిర్దోషి' అనకండి, 'సుప్రీంకోర్టు ఖాయం చేసిన దోషి' అనీ అనకండి.

మంచుదారి:
రోడ్ల సంగతి వదిలేస్తే ఎలా? పెట్రోలు పన్నును రోడ్లకే కేటాయించే 1953 చట్టం వెనక ఉన్నది ఆయనే. మొదట్లో ప్రచారంలో, నీగాతాకూ టోక్యో వైపుకీ మధ్య కొండల్లోని మికుని కనుమను చదును చేస్తే మంచు పడదు, ఆ మట్టి సముద్రంలో పోస్తే నీగాతా తీరానికెదురుగా ఉన్న సాదో ద్వీపం కలుస్తుంది అని నవ్వించేవాడు. 1982 నవంబరులో టోక్యో వైపు నుంచి నీగాతాకు వేసిన బుల్లెట్ రైలు, జోయెత్సు షింకన్‌సెన్, అదే కొండల కింద 22 కిలోమీటర్ల దైషిమిజు సొరంగంలోంచి వెళ్లింది. ఏడాది తర్వాత ఎన్నికలు!

గోదారిగట్టు:
ఓట్లలెక్క గారూ, మీ లెక్కకే వస్తా. గెలవడానికి ఆరో వంతు చాలు. ఆయనకు 40 శాతం పైన వచ్చాయి. అక్కర్లేని ఓట్లు ఎందుకు వేశారు? సీటు కోసం కాదు, కోర్టుకు జవాబుగా. విధానం ఇది చెప్పదు. పైగా 1994లో విధానం మార్చి, 1996లో ఒక్క సీటు నియోజకవర్గాలు పెడితే నీగాతా ఐదో నియోజకవర్గంలో గెలిచింది ఎవరు? ఆయన కూతురు మకికోనే.

ఓట్లలెక్క:
జవాబు చెప్పారన్నది ఒప్పుకుంటా. కానీ ఆ జవాబును ఊరూరా మోసుకెళ్లి చెప్పించింది సంఘమే. మకికో గెలిచింది తండ్రి పేరు మీద, ఆయన పోయిన మూడేళ్లకు. అదే సీట్లో 2012 డిసెంబరులో, విద్యా మంత్రిగా ఉండి కూడా ఓడింది. అప్పటికి అర్జీలు మోసే సంఘమూ లేదు, పెట్రోలు పన్ను రోడ్లకే అన్న నియమమూ 2009లోనే పోయింది.