గోవిందరాజుల గుడి దగ్గర 5,500 పెట్టి మూడు నాణేలు కొన్నాను, మోసపోయానా?

మంగళం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నాణేల పిచ్చి పట్టి ఏడాది కూడా కాలేదు. పోయిన శనివారం గోవిందరాజస్వామి గుడి దగ్గర గుడ్డ పరుచుకుని కూర్చున్న ఒకాయన దగ్గర మూడు కొన్నాను. 1818 అని ఉన్న రాగి అర్ధణా ఒకటి, ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు. 1918 వెండి రూపాయి ఒకటి, 1939 వెండి రూపాయి ఒకటి. చంద్రగిరి కోట కింద వాళ్ళ తాత చేను దున్నుతుంటే దొరికాయని చెప్పాడు. నల్లగా ఉన్నాయని ఇంటికొచ్చి చింతపండుతో తోమాను. ఇప్పుడు తళతళలాడుతున్నాయి గానీ నాకే టెన్షన్‌గా ఉంది.

పీలేరు పాత సామాను:
రాముడి బిళ్ళ మా ఇంట్లోనూ ఉంది బ్రో. కోటి రూపాయలకు కొంటామని యూట్యూబ్‌లో చెప్తున్నారు, అమ్మొద్దు.

చిత్తూరు పెద్దాయన:
కోటి ఇచ్చేవాడు ముందు నీ దగ్గర ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడుగుతాడు, చూసుకో. ఇలాంటి వాళ్ళను నమ్మొద్దని 2021లో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

మంగళం నాయనా, నీ సంగతికి వస్తా. 1818 రాముడి అర్ధణాను కంపెనీ ఎప్పుడూ అచ్చు వేయలేదు. రామమాడల మాదిరి పూజకు చేసిన బిళ్ళ మీద ఎవరో కంపెనీ పేరు కొట్టారు, అంతే. బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ ‘రైస్ పుల్లింగ్’ పేరుతో ఊళ్ళు ముంచినవాళ్ళ చేతుల్లోనూ ఇవే తిరిగాయి. కంపెనీ నాణెమే కావాలంటే 1808 నాటి 20 కాసుల రాగి బిళ్ళ వెతుక్కో. మన మద్రాసు ప్రెసిడెన్సీదే, దాని మీద కంపెనీ ముద్ర ఉంటుంది.

1918 రూపాయి జాస్తిగా దొరికేదే, అది నిజమైనదే అయ్యుండొచ్చు. నాకు అనుమానం 1939 మీద. ఆ ఏడు రూపాయి చాలా అరుదు, గుడ్డ పరుచుకున్నాయన దగ్గర ఉండదు. అసలైన 1938 తెచ్చి, చివరి 8ని 9గా చెక్కేవాళ్ళున్నారు. భూతద్దంతో ఆ అంకె ఒక్కటీ చూడు, పక్క అంకెలతో పోలిస్తే గీత తేడాగా ఉంటుంది. అంతకంటే ముందు తూకం. జార్జి రాజుల కాలంలో 1939 దాకా వెండి రూపాయి 11.66 గ్రాములు. అరిగితే ఓ పిసరు తగ్గుతుంది గానీ గ్రాము తగ్గదు. అయస్కాంతాన్ని నమ్ముకోకు, వెండే లేని జర్మన్ సిల్వర్ కూడా దానికి అంటుకోదు.

అయినా 1939లో అచ్చయిన రూపాయిని కోట కింద ఎవరు పాతిపెట్టారప్పా? నిజంగా చేలో దొరికిన నిధే అయితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. ఆ మాట అంటే ఆయన గుడ్డ మడిచేసేవాడు.

చింతపండు చదివి నా కడుపు తరుక్కుపోయింది. నా దగ్గర 1911 రూపాయి ఉండేది. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని జనం గొడవ చేస్తే, మరుసటి ఏడు బొమ్మ మార్చారు చూడు, ఆ మొదటి రకం. ముప్పై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, మా ఆవిడకు చూపించి మెప్పు పొందాలని పండ్లపొడి పెట్టి రుద్దాను. తర్వాత మద్రాసులో ఒక వ్యాపారి దాన్ని అటూ ఇటూ తిప్పి, వెండి ధర కడతానన్నాడు. గొడవ పడి తెచ్చేసుకున్నా. ఆయన చెప్పింది న్యాయమేనని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ నలుపు కొనేవాడికి కావాలి నాయనా, తోమితే సన్నటి గీతలు పడతాయి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కూడా పెట్టకు, జిగురుగా పచ్చటి చిలుము పడుతుంది.

మంగళం కుర్రోడు:
సార్, బజారు వీధిలో తెలిసిన నగల షాపులో తూకం వేయించా. 1918ది 11.6 వచ్చింది. 1939ది 9.8.

చిత్తూరు పెద్దాయన:
అయితే అది 1938 కూడా కాదు, ఉత్త పోత సరుకు. అంచు మీద గీతలు కూడా సరిగ్గా ఉండవు, చూడు. ఆ కాటా ఒకటి నువ్వే కొనుక్కో, ఐదారు వందలు. రాముడి బిళ్ళ ఏం చేశావు?

మంగళం కుర్రోడు:
మా అమ్మ దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టేసింది సార్. దొంగదని చెప్తే నన్నే తిట్టింది.