వేలాలు ఆన్‌లైన్‌కి వెళ్లాక నాణేల స్నేహాలు ఏమయ్యాయి?

ఉస్మానియా_సిక్కా:
ఆదివారం నాణేలు సేకరించేవాళ్లం కలిసి కొని అమ్ముకునే మా హైదరాబాద్ హాల్లో ఒకప్పుడు నిలబడే చోటుండేది కాదు. ఇప్పుడంతా ఫోన్లలో బిడ్లు. నిజాంల చార్మినార్ రూపాయి మీద, చార్మినార్ బొమ్మ ద్వారంలో 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' అక్షరం ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆ ఐన్‌లోనూ పొట్టిదీ నిండుదీ వేరు. ఇవన్నీ భూతద్దం చేతికిచ్చి నాకు నేర్పింది ఒక పెద్దాయన. వేలం యాప్ నేర్పుతుందా?

ఉత్తరాంధ్ర77:
అన్నా, మాది పలాస. ఒక్క నాణెం కోసం రైలెక్కి హైదరాబాద్ రావాలా? వేలం ఫొటోలు పెద్దవి చేసుకుని చూసే నేను ఐన్ తేడా నేర్చుకున్నా.

కమిషన్_బాధితుడు:
పలికిన ధర మీద ప్రీమియం పేరుతో వేలంవాళ్ల కమిషన్, దానిమీద జీఎస్టీ, కొరియర్. ఇది ఎవరూ మాట్లాడరేం?

ఉస్మానియా_సిక్కా:
హాల్లో కమిషనే లేదు!

ఉత్తరాంధ్ర77:
రసీదూ లేదు. అక్కడ కొన్న రూపాయి ఇంటికొచ్చి తూస్తే పది గ్రాములు కూడా లేదు. అడిగితే "చూసుకుని కొనాలి బాబూ" అన్నారు.

ఉస్మానియా_సిక్కా:
అసలు బరువు 11.178 గ్రాములు. అరిగితే తగ్గుతుంది.

ఉత్తరాంధ్ర77:
గ్రాము పైన అరుగుతుందా? సరే, బరువు వదిలేద్దాం. మంచి సరుకు బల్లమీదకే వచ్చేది కాదు. ముందే మీ నలుగురి జేబుల్లోకి పోయేది, మిగిలింది మాకు చూపించేవారు. వేలంలో నా బిడ్డూ మీ బిడ్డూ ఒకటే.

కోఠి_పాఠకుడు:
ఇదీ అసలు మాట.

ఉస్మానియా_సిక్కా:
తెలిసినవాళ్లకి ముందు చూపించేవాళ్లం, నిజమే. ఆ నమ్మకంతోనే డబ్బు లేకున్నా నాణెం చేతిలో పెట్టి "తర్వాత ఇవ్వు" అనేవారు. మొన్న పొట్టి ఐన్ రూపాయికి నాతో చివరిదాకా పోటీపడింది నేను నేర్పిన కుర్రాడేనని తర్వాత తెలిసింది. పేరు కనపడదు కదా. హాల్లో అయితే "నాకది కావాలిరా" అంటే వదిలేసేవాడు. నా బాధ డబ్బు గురించి కాదు.

ఉత్తరాంధ్ర77:
ఆ కుర్రాడికీ అది కావాలి కదన్నా. మీలో మీరు పోటీ మానుకుంటే నష్టం ఎవరికి? భర్త పోయాక ఆయన నాణేలు మూటగట్టి తెచ్చిన ఆవిడకి. ఆన్‌లైన్‌లో ఆవిడకి పదిమంది పాడతారు.

ఉస్మానియా_సిక్కా:
అలా వచ్చినవాళ్లని మేం మోసం చేశామనకు. నేనే కూర్చుని ఒక్కో నాణేనికీ ధర కట్టి చెప్పేవాణ్ణి.

ఉత్తరాంధ్ర77:
ధర కట్టేదీ మీరే, కొనేదీ మీరే.

ఉస్మానియా_సిక్కా:
కొన్న ప్రతిదానికీ రేటు పుస్తకంలో రాసి పెట్టుకున్నా. రేపు ఫొటోలు పెడతా. చూశాక మాట్లాడు.