నాలుగు ప్రీమోలార్లు తీయాల్సిన కేసు: అలైనర్లా, బ్రేసెస్సా?

గాజువాక_బీషిఫ్ట్: తమ్ముడికి 24 ఏళ్లు, స్టీల్‌ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. ఎత్తుపళ్లు. నాలుగు ప్రీమోలార్లు (కోరపంటికీ వెనక దవడపళ్లకీ మధ్య ఉండే పళ్లు) తీయాలన్నారు. ఎంవీపీ కాలనీలో ఒకరు అలైనర్లతో (పళ్లమీద తొడిగే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలతో) అయిపోతుందంటే, ద్వారకానగర్‌లో ఇంకొకరు బ్రేసెస్సే వేయాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆర్థో_ఎండీఎస్: బ్రేసెస్సే అండి. పన్ను తీసిన ప్రతిచోటా దాదాపు 7 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. ట్రే నెట్టేది పంటి పైభాగాన్నే, వేరు అంత సులువుగా వెంటరాదు. పక్కపళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి. ముందుపళ్లు లోపలికి వాలి కిందివాటిని కప్పేస్తాయి, వెనక దవడపళ్లు ఒకదానికొకటి ఆనవు. బ్రేసెస్‌లో పంటికి అతికించే బ్రాకెట్ గాడిలో నలుపలకల తీగ పడితే వేరు కూడా కదులుతుంది.

ట్రే_ప్లానర్: అటాచ్‌మెంట్లు (ట్రేకి పట్టు దొరకడానికి పంటిమీద అతికించే చిన్న దిమ్మెలు) సరిగా పెట్టని కేసుల్లో జరిగేది అది. కోరపంటి మీద కాంపోజిట్‌తో (పంటిరంగు ఫిల్లింగ్ పదార్థంతో) నిలువు దిమ్మె అతికించి, ప్లాన్‌లోనే వేరుని కావాల్సినదానికన్నా కాస్త ఎక్కువ తిప్పి పెడితే ఒరగడం తగ్గుతుంది. లెక్క మాత్రం ముందే చూసుకోవాలి. ట్రేకి పావు మిల్లీమీటరు చొప్పున 7 మిల్లీమీటర్లకి 28 ట్రేలు. పది రోజులకొకటి మార్చినా 280 రోజులు, అదీ ఖాళీ మూయడానికే. ఆ తర్వాత మళ్లీ స్కాన్, మిగిలిన తేడాలు సరిచేసే రిఫైన్‌మెంట్ ట్రేలు. క్లినిక్‌లో తెరమీద చూపించే యానిమేషన్ ప్లాన్ మాత్రమే, ఫలితం కాదు.

ఆర్థో_ఎండీఎస్: తగ్గుతుంది, పోదు. పైగా రోజుకి 22 గంటలు ఉంచుకోవాలి. తిండికీ బ్రష్‌కీ కలిపి రెండు గంటలే మిగులుతాయి. నైట్ షిఫ్టులో నాలుగు టీలు తాగే మనిషికి అది కుదురుతుందా?

ట్రే_ప్లానర్: ఆ మాట ఒప్పుకుంటాను. ట్రే తీయకుండా టీ తాగితే వేడికి ప్లాస్టిక్ ఆకారం మారుతుంది, రంగు పడుతుంది, లోపల చిక్కిన చక్కెరని లాలాజలం కడగలేక పన్ను పుచ్చుతుంది. క్యాంటీన్లో టిష్యూలో చుట్టిపెట్టిన ట్రే చెత్తబుట్టలోకే పోతుంది, డబ్బా జేబులో ఉండాలి. పాత ట్రే పారేయకూడదు, కొత్తది పోతే అదే పెట్టుకుని డాక్టర్‌కి ఫోన్ చేయాలి. పంటి అంచుకీ ట్రేకీ మధ్య సందు కనిపిస్తే తర్వాతి ట్రేకి వెళ్లకుండా అదే కొనసాగించి, చ్యూయీలు (ట్రే పంటికి సరిగా కూర్చోడానికి కొరికే మెత్తటి ముక్కలు) కొరుకుతూ డాక్టర్‌కి చూపించాలి.

ఆర్థో_ఎండీఎస్: గాజువాక గారూ, ఖాళీలు బ్రేసెస్‌తో మూసి, చివరి సర్దుబాటు అలైనర్లతో చేయించే దారీ ఉంది, అడగండి. ఓపీజీ (పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే), పక్కనుంచి తీసే తల ఎక్స్‌రే సెఫలోగ్రామ్ చూడకుండా ప్లాన్ చెప్పేవారి దగ్గర ఆగొద్దు. రిఫైన్‌మెంట్ ట్రేలు ఫీజులో కలిసున్నాయా, పళ్లు ఒరిగితే బ్రాకెట్లు ఎవరి ఖర్చుతో వేస్తారు, ఈ రెండూ పళ్లు తీయించకముందే కాగితం మీద రాయించుకోండి. తీసిన పన్ను తిరిగి రాదు కదండీ.