ఖతార్ వీసా ఇంకా పడలేదు, పడితే 3 రోజుల్లో బయల్దేరాల: పెట్టె ఎట్లా సర్దుకోవాల?

అలిపిరి ఏసీ:
అన్నలకు, అక్కలకు నమస్తే. తిరుపతి నుంచి దోహాకు చిల్లర్ (పెద్ద బిల్డింగుల ఏసీ మిషన్) టెక్నీషియన్ పని, 2 ఏళ్ల కాంట్రాక్టు. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది. చెన్నై వీసా సెంటర్‌లో అపాయింట్‌మెంట్ ఇంకా దొరకలేదు. డిప్లొమా అటెస్టేషన్‌కి (అసలుదేనని ముద్రలు వేయించడానికి) పోయింది, పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగింది. వీసా పడిన 3 రోజుల్లో టికెట్ పంపుతామని కంపెనీ చెప్తోంది. సామాను 30 కిలోలు, చేతిబ్యాగు 7 కిలోలు.

ఇప్పుడే ఏవి సర్దిపెట్టచ్చు, ఏవి ఆఖరుకి ఉంచాల? పాస్‌పోర్టు గడువు ఇంకా 14 నెలలే ఉంది, ఇప్పుడే రెన్యువల్ చేయించాలా? డిప్లొమాలో ఇనీషియల్ ఉంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, దీంతో ఇబ్బంది వస్తుందా?

పుత్తూరు రోడ్డు:
ముందు పాస్‌పోర్టు సంగతి. ఇప్పుడు రెన్యువల్ జోలికి పోవద్దు తమ్ముడూ. రెన్యువల్ అయితే నంబరు మారిపోతుంది. మీ వీసా అప్లికేషన్, వీసా సెంటర్ బుకింగ్, పీసీసీ అన్నీ పాత నంబరు మీదే నడుస్తున్నాయి. ఒక్కటి మారితే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. దిగేనాటికి 6 నెలల గడువుంటే చాలు, మీకు దానికి రెండింతలకు పైనే ఉంది. గడువు ఏడాదిలోపుకి వచ్చాక దోహాలోని మన ఎంబసీలోనే రెన్యువల్ చేయించుకోవచ్చు. తర్వాత కొత్త నంబరు కంపెనీ హెచ్‌ఆర్‌కి ఇచ్చి రెసిడెన్స్ పర్మిట్‌లో మార్పించుకోవాల, అంతే.

పీసీసీ ఆగితే ఎక్కువసార్లు కారణం అడ్రసే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. పాత పాస్‌పోర్టుల్లో, ఆధార్‌లలో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. అది తప్పు కాదు. కానీ అప్లికేషన్‌లో ఇప్పుడుండే ఇంటి జిల్లా, పోలీస్ స్టేషన్ సరిగ్గా ఎంచుకోకపోతే ఫైలు వేరే ఆఫీసుకి పోయి తిరిగొస్తుంది. ఫైల్ నంబరుతో స్టేటస్ చూడండి. స్టేషన్‌కే చేరి ఉంటే ఆధార్, పాస్‌పోర్టు జిరాక్సులు, 2 ఫోటోలు పట్టుకుని నేరుగా పోయి కలవండి. ఇంకోటి, పీసీసీ మీద దేశం పేరు ఉంటుంది. వేరే దేశం కోసం తీసుకున్నది ఖతార్‌కి పనికిరాదు. స్టేషన్‌లో రాసిచ్చే కాగితం కూడా దీనికి బదులు కాదు, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చిందే కావాల.

అటెస్టేషన్‌లో చాలామంది మోసపోయేది అపోస్టిల్ దగ్గర, అంటే ఒక ఒప్పందంలో ఉన్న దేశాలు ఒప్పుకునే మన విదేశాంగ శాఖ స్టిక్కర్. ఖతార్ ఆ ఒప్పందంలో లేదు కాబట్టి స్టిక్కర్ ఒక్కటే చాలదు. రాష్ట్ర స్థాయి, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత ఢిల్లీలోని ఖతార్ ఎంబసీ, ఆ వరసలోనే ముద్రలు పడాల. ఏజెంటు "అయిపోయింది" అంటే ఎంబసీ ముద్ర ఉన్న పేజీ ఫోటో పంపమనండి. సర్టిఫికెట్‌కి లామినేషన్ ఉంటే ముద్ర వేయడానికి వీలుండదు, తీయించేటప్పుడు సిరా లేచిపోయే ప్రమాదముంది. మీది అట్లా ఉంటే తీయించకుండా బోర్డు నుంచి డూప్లికేట్ తీసుకోవడం మేలు.

ఇనీషియల్‌కి నోటరీ అఫిడవిట్ చేయించుకోండి: ఫలానా సర్టిఫికెట్‌లోని పేరు, ఫలానా నంబరు పాస్‌పోర్టులోని పేరు ఒకే మనిషివని. దాంతోపాటు పదో తరగతి మార్కుల లిస్టు పెట్టుకోండి, తండ్రి పేరు, పుట్టిన తేదీ రెండింట్లో కలిస్తే అడిగేవాళ్లకి అనుమానం తీరిపోతుంది.

పాకాల జంక్షన్:
సర్దుడు సంగతి నేను చెప్తా. తేదీ తెలియని ప్రయాణానికి సామాను రెండుగా విడగొట్టాల: పాడయ్యేది, గడువు తీరేది ఒక పక్క, మిగతాదంతా ఇంకో పక్క. రెండోది ఈరోజే పెట్టెలో పెట్టి తూకం వేసి మూసేయండి. మొదటిది చీటీ మీద రాసి పెట్టె మూతకి లోపల అంటించండి, టికెట్ వచ్చాక ఆ చీటీ చూసి కొనుక్కోవడమే.

ఇప్పుడే పెట్టేవి: కాటన్ బనియన్లు 8, లోదుస్తులు 8, సాక్సులు 8 జతలు, పని బట్టల కింద వేసుకునే టీషర్టులు 6, బయటికి పోయే జతలు 4, లుంగీలు 3, తువ్వాళ్లు 2. కవరాల్ (ఒళ్లంతా కప్పే పని డ్రెస్సు), సేఫ్టీ బూట్లు కంపెనీ ఇస్తుందో లేదో ఆఫర్ లెటర్‌లో చూడండి. ఇస్తే బూట్లు మోయొద్దు, 2 కిలోలు మిగుల్తాయి. స్వెటర్ ఒకటి తప్పకుండా. గల్ఫ్ అంటే ఎండే అనుకుంటారు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలేస్తుంది, ఏసీ బస్సుల్లో అయితే ఏడాదంతా.

కరెంటు దాదాపు మన లాగే, 240 వోల్టులు, 50 హెర్ట్జ్. ఛార్జర్లు పనిచేస్తాయి కానీ సాకెట్ మూడు చదును పిన్నులది. అడాప్టర్లు 2 కొనుక్కోండి. పవర్ బ్యాంకు చేతిబ్యాగులోనే ఉండాల, పెట్టెలో దొరికితే విప్పి తీయిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్‌అవర్లు, హద్దు 100, కాబట్టి ఇబ్బంది లేదు.

మీ పనికి ప్రత్యేకం: క్లాంప్ మీటర్ (కరెంటు కొలిచేది), గేజ్ సెట్ (గ్యాస్ ప్రెషర్ చూసేది) తీసుకుపోవచ్చు, గేజ్ గొట్టాల్లో గ్యాస్ పూర్తిగా వదిలేయండి. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు పెట్టెలోకే. రిఫ్రిజరెంట్ (ఏసీలో నింపే గ్యాస్) డబ్బాలు, పైపులు అతికే బ్రేజింగ్ టార్చ్ గ్యాసు ఎక్కడా పెట్టకూడదు.

ఇంటి తూకానికి 27 కిలోల దగ్గర ఆపండి. ఎయిర్‌పోర్టు తూకం, ఇంటి తూకం కలవవు, పైగా ఆఖరి రోజు ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి ఇరికిస్తారు. ఆవకాయ ఒక కిలో గాజుసీసాలో పెట్టి పెట్టె మధ్యలో సర్దండి.

చంద్రగిరి:
గాజుసీసా మాత్రం వద్దన్నా. పెట్టెలు విసిరే చోట సీసా పగిలితే నూనె బట్టలన్నిటికీ పాకుతుంది. మందం ప్లాస్టిక్ డబ్బాలో నిండా పోయకుండా పైన అంగుళం ఖాళీ వదిలి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి పెట్టెలోనే పెట్టాల. చేతిబ్యాగులో నూనె పచ్చడి, కారంపొడి రెండూ ఆపేస్తారు.

తిండి విషయంలో అసలు భయం వేరే ఉంది. గసగసాలు గల్ఫ్‌లో మత్తుపదార్థం కింద లెక్క. విడిగా పెట్టరు సరే, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిసి ఉంటాయి. అమ్మనో అక్కనో అడిగి తెలుసుకోండి, వేసి ఉంటే ఆ పొడి వదిలేయండి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, వేడెక్కే సరుకు, విమానంలోకి రానివ్వరు. కొబ్బరికారం బదులు కందిపొడి, కరివేపాకు పొడి పెట్టుకోండి. పూజ సామానులో కర్పూరం, అగ్గిపెట్టె తీసేయండి. శ్రీవారి లడ్డూ నెయ్యి కారుతుంది, బటర్ పేపర్లో చుట్టి గట్టి డబ్బాలో పెట్టి, బయల్దేరే ముందు రోజు తెచ్చుకోండి. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్ అక్కడ నిషేధం.

మందులు: ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, అల్ప్రజోలాం లాంటివి దగ్గరుంటే కేసు అవుతుంది. బీపీ, షుగర్ మందులైతే చీటీ మీద మందు అసలు పేరు, డాక్టరు సంతకం, ముద్ర ఉండాల, గోళీలు స్ట్రిప్‌లోనే ఉండాల. చీటీ ప్రయాణం ముందు వారం తీసుకోండి, ఇప్పుడే తీసుకుంటే పాతదైపోతుంది. "మా తమ్ముడికి ఇవ్వు" అని ఎవరిచ్చినా సీలు వేసిన పొట్లం తీసుకోవద్దు, చుట్టాలైనా సరే. అందులో ఏముందో అక్కడ జవాబు చెప్పాల్సింది మోసినవాడే.

అలిపిరి ఏసీ:
మసాలా పొడి సంగతి తట్టనే లేదు, ఇంట్లో అడిగితే గసగసాలు వేశారు, తీసేశా. చెన్నై వీసా సెంటర్ రోజున ఏమేం చూసుకోవాల?

పుత్తూరు రోడ్డు:
ఒరిజినల్ పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ ప్రింటు. అక్కడే వేలిముద్రలు, రక్తపరీక్ష, ఎక్స్‌రే, కాంట్రాక్టు సంతకం అన్నీ అవుతాయి. ఖర్చు కంపెనీదే, ఎవరైనా దానికి డబ్బు అడిగితే ఇవ్వొద్దు. చెన్నైలో దొరక్కపోతే హైదరాబాద్ స్లాటు కూడా చూడమని కంపెనీని అడగండి. తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డున నాలుగ్గంటలు వేసుకోండి, పొద్దున స్లాటైతే ముందు రాత్రే చేరండి.

కాంట్రాక్టు స్క్రీన్ మీద చూపిస్తారు. బేసిక్ జీతం, తిండి, గది, వృత్తి పేరు ఆఫర్ లెటర్‌తో ఒక్కొక్కటే సరిచూడండి. టెక్నీషియన్ బదులు లేబర్ అని ఉంటే సంతకం పెట్టకుండా అక్కడే చెప్పి, కంపెనీకి ఫోన్ చేయండి. సంతకం తర్వాత మార్పించడం చాలా కష్టం.

టికెట్ వచ్చాక వీసా ప్రింట్లు 3 తీయండి, పాస్‌పోర్టు నంబరు అంకె అంకె చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతిబ్యాగులోనే, పెట్టెలో ఒక్కటి కూడా వద్దు. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కి రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించి రీఛార్జ్ వేసి పొండి, అక్కడికి పోయాక ఆన్ చేయాలంటే ఆ ఓటీపీయే రాదు.