మున్సిపాలిటీకి సామాను అమ్మే షాపు యజమాని కౌన్సిలర్‌గా పోటీ చేయవచ్చా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో చిన్న మున్సిపాలిటీ. మా అన్నయ్య ఇరవై ఏళ్లుగా హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాడు. ఎవరింట్లో కుళాయి పాడైనా, ఏ వీధిలో కాలువ పూడినా ముందు ఆయన దగ్గరికే వస్తారు. అందుకే వార్డు కౌన్సిలర్‌గా నిలబడమని అందరూ పట్టుబడుతున్నారు.

2021 మార్చిలో ఎన్నికలు జరిగినప్పుడు ముగ్గురు పిల్లలు ఉన్నారని కుదరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధనను 2024లో తీసేశారు కాబట్టి ఆ బెంగ లేదు. ఇప్పుడు టెన్షన్ అంతా షాపు గురించే.

అప్పుడప్పుడు నీటి సరఫరా విభాగం వాళ్లు మా దగ్గర పైపులు, వాల్వులు తీసుకుంటారు. టెండరు ఏమీ లేదు, బిల్లు రాసి ఇస్తాం. పోయిన వేసవిలో ఇచ్చిన సామానుకు 84 వేలు ఇంకా రావాలి. పైగా షాపు ఉన్నది మున్సిపల్ కాంప్లెక్స్‌లోనే, నెలనెలా అద్దె కడుతున్నాం. మున్సిపాలిటీతో కాంట్రాక్టు నడుస్తున్నవాళ్లు, బకాయి ఉన్నవాళ్లు పోటీకి అనర్హులని విన్నాం. మేం బకాయి లేము, వాళ్లే మాకు ఇవ్వాలి. మరి రావలసిన ఈ బిల్లు కాంట్రాక్టు కిందకు వస్తుందా? అద్దె ఒప్పందం అడ్డవుతుందా? షాపును వదిన పేరుకు మారిస్తే సరిపోతుందా, లేక అదీ ఆయనదే అంటారా?

నామినేషన్ పరిశీలనలో తిరస్కరిస్తే ఆయన చాలా బాధపడతాడు. ఇలా పోటీ చేసినవాళ్లు, మున్సిపల్ చట్టం తెలిసిన లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. నామినేషన్‌కు ముందే ఏయే కాగితాలు సిద్ధం చేసుకోవాలో కూడా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.